అతుకు పక్కన నలభై ఒకటి

ఏడు దాటింది. వేడి పోకుండా పైపులకి గాజుదూది చుట్టే ఇన్సులేషన్ వాళ్ళు ఎనిమిదింటికిగాని రారు, వాళ్ళు వచ్చి విప్పేదాకా ఈ పైపు మీది అల్యూమినియం రేకును ముట్టుకునే హక్కు నాకు లేదు. అది వాళ్ళ యూనియన్ పని. నాది పైపుల యూనియన్. ముప్పై నాలుగేళ్ళలో ఏనాడూ ఇంకొకడి పనిలో వేలు పెట్టలేదు నేను. ఒకసారి ఉక్కు మిల్లులో వడ్రంగుల పలక ఒకటి మా దారికి అడ్డంగా పడి ఉంటే, కాలితో తంతే పక్కకి పోయేదాన్ని, వడ్రంగి వచ్చి జరిపేదాకా నలభై నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డాను, మేనేజరు నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే నవ్వాను కూడా. ఒకడి పని ఇంకొకడు చెయ్యడం మొదలుపెడితే చివరికి ఎవడి పనీ మిగలదని కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇప్పుడు ఈ బాయిలర్ హౌసులో, నేలకి ఇరవై అడుగుల ఎత్తున పరంజా పలక మీద ఒంటరిగా కూర్చుని, పక్కన గ్రైండర్ పెట్టుకుని, ఆ రేకు అంచున స్క్రూలు ఎన్నున్నాయో చూస్తున్నాను. ఆరున్నాయి. స్క్రూడ్రైవర్ జేబులోనే ఉంది. నాతో పనిచేసే డార్లా కింద ఆఫీసులో నిప్పు పనికి పర్మిట్ కోసం కూర్చుంది, గ్యాస్ పరీక్ష చేసేవాడు ఇంకా రాలేదట. రేకు విప్పి, దాని కింది దూది పక్కకి లాగి, అతుకు పక్కన గ్రైండర్ ఒక్క నిమిషం తిప్పితే చాలు, నా పరువు నాకు దక్కుతుంది.

పొద్దున డార్లా డ్రాయింగు పరిచి ఒక చోట వేలు పెట్టింది. 'ఇక్కడ కోసి కొత్త బాయిలర్ పైపు కలపాలి వెండెల్, రెండో స్తంభం దాటాక, ఆ వంపుకి మూరెడు ఇవతల' అంది. వంపుకి మూరెడు ఇవతల ఏముందో నాకు కాయితం అక్కర్లేదు. అక్కడ వెల్లకిలా పడుకుని, మెడ పక్కకి తిప్పి, ఊపిరి బిగబట్టి నేను వేసిన అతుకు ఉంది. దాని పక్కన ఉక్కులో గుద్దిన నా నంబరు ఉంది. వెల్డింగు పరీక్ష పాసైన రోజున మా యూనియన్ హాలులో ఒక్కొక్కడికి ఒక నంబరు ఇస్తారు, చచ్చేదాకా అదే. అతుకు వేశాక, చల్లారాక, దాని పక్కన ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో కొట్టాలి, రేపు అది కారినా పగిలినా ఇది ఫలానావాడి పని అని తెలియాలి. నాది నలభై ఒకటి. నా హెల్మెట్ మీద నలభై ఒకటి, నా పెట్టె మీద నలభై ఒకటి, శుక్రవారం హాలులో చేపల విందు రోజున వడ్డించే ఆడవాళ్ళు 'నలభై ఒకటికి ఇంకో ముక్క వెయ్యండమ్మా, సిగ్గుపడుతున్నాడు' అని ఎకసెక్కాలాడతారు. సిగ్గు. వాళ్ళకేం తెలుసు సిగ్గంటే. పన్నెండేళ్ళ కిందట ఈ ఫ్యాక్టరీ యూనియన్ లేని కాంట్రాక్టరు చేతిలో ఉండేది, బయట గేటు దగ్గర మా వాళ్ళు పికెటింగ్ చేస్తున్నారు, మా యూనియన్ మనిషి ఎవడూ లోపల అడుగు పెట్టకూడదు. అప్పుడు వేశాను ఆ అతుకు.

ఆకలికి వెళ్ళానని చెప్పుకోవాలని ఉంది. కథ బాగుంటుంది. ఇల్లు గడవక, పిల్ల చదువు ఆగిపోయి, నా భార్య మార్లిస్‌కి మందులు లేక. అదేమీ కాదు. మార్లిస్ స్కూల్లో వంట చేసేది, పెద్దగా లేకపోయినా తిండికి లోటు లేదు, ఆ ఏడాది అందరమూ బిగించుకున్నట్టే బిగించుకుని ఉండేవాళ్ళం. పనులు ఆగిపోయిన ఏడాది అది, హాలులో ఖాళీగా ఉన్నవాళ్ళ జాబితాలో నేను రెండు వందల పన్నెండోవాణ్ణి, పొద్దున్నే వెళ్ళి యూకర్ పేకలు పట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఒక్క పేరు పిలిచేవాళ్ళు కాదు, చేతులు ఊరికే ఉండలేక ఇంటికి పోయి బాగా ఉన్న కుళాయి విప్పి మళ్ళీ బిగించేవాణ్ణి, మార్లిస్ చూసి తలుపు వేసుకునేది. అలాంటప్పుడు ఆ కాంట్రాక్టరు మనిషి ఫోన్ చేశాడు. 'మా దగ్గర పాతికమంది ఉన్నారు సార్, ఆ పెద్ద పైపు మీద ఎవడి చెయ్యీ నిలవడం లేదు, మీరైతేనే కుదురుతుందని అందరూ అంటున్నారు' అన్నాడు. సార్ అన్నాడు నన్ను. నేను వెళ్ళింది ఆ మాటకి. అన్నం కోసం వెళ్ళినవాడిని క్షమించవచ్చునేమో, పొగడ్త కోసం వెళ్ళినవాడిని ఏం చెయ్యాలి? ఐదు వారాలు వెళ్ళాను. స్టిక్కర్లు అంటించిన నా హెల్మెట్ గ్యారేజీలో గుడ్డ కింద దాచి, దుకాణంలో కొత్త తెల్లది కొన్నాను. తెల్లవారకముందే వెనక రైలు పట్టాల వైపు గేటు దగ్గరికి వాళ్ళ వ్యాన్ వచ్చేది, వెనక సీట్లో ఒరిగి పడుకునేవాణ్ణి. మార్లిస్ నా భోజనం రోజూ తీసుకెళ్ళే పెట్టెలో కాకుండా కాగితం సంచిలో పెట్టి ఇచ్చేది, పెట్టె మీద యూనియన్ ముద్ర ఉంది కనక. ఎందుకు అలా పెడుతున్నావని నేను అడగలేదు, ఎక్కడికి వెళ్తున్నావని ఆమె అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.

వాళ్ళు నాకు ఎం7 అని వాళ్ళ నంబరు ఇచ్చారు. ఐదు వారాలు అన్ని అతుకుల పక్కనా శ్రద్ధగా ఎం7 గుద్దాను. ఆఖరి రోజున ఆఖరి అతుకు, ఈ వంపుకి మూరెడు ఇవతల, అన్నిటికన్నా కష్టమైనది, అద్దంలో చూస్తూ వెయ్యాల్సి వచ్చింది, అంత బాగా నేను ముందూ వెయ్యలేదు తర్వాతా వెయ్యలేదు. చల్లారాక దానివంక చూస్తూ కూర్చున్నాను, చెయ్యి దానంతట అదే నా పాత అచ్చులు తీసి, నాలుగు మీద ఒక దెబ్బ, ఒకటి మీద ఒక దెబ్బ కొట్టింది. బుర్రకి ఏమీ తెలియదు. రాత్రి భోజనం దగ్గర బంగాళాదుంప కోస్తుంటే తెలిసింది, కత్తి ఆగిపోయింది. మర్నాడు ఏదో మరిచిపోయానని సాకు చెప్పి వెళ్ళేసరికి రేకు బిగించేశారు. అప్పటినుంచీ ఈ రోడ్డు మీంచి ఎప్పుడు పోయినా ఆ పొగగొట్టం వంక చూడను. వచ్చే మే నెలలో రిటైరవుతాను. ఇక ఫరవాలేదనుకున్నాను. పోయిన ఏడాది ఫ్యాక్టరీ చేతులు మారి, కొత్త యజమాని మన యూనియన్‌తో ఒప్పందం రాశాడని హాలులో చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను, అందరికన్నా గట్టిగా.

గట్టిగా అనేది నా జబ్బు. ఆ ఐదు వారాల్లో కూడా శనివారాలు పికెటింగ్ వంతు నాది. సోమవారం నుంచి శుక్రవారం దాకా వెనక గేటు, శనివారం ముందు గేటు. ముందు గేటు దగ్గర రెండంతస్తుల రబ్బరు ఎలుక, గాలి ఊది నిలబెడతాం, యూనియన్‌ని మోసం చేసినవాడికి మా దగ్గర ఎలుక అనే పేరు, పక్కనున్న సరస్సు మీంచి గాలి వీస్తే అది కూలబడకుండా తాడు పట్టుకోవాలి. తాడు నేనే పట్టుకునేవాణ్ణి. కార్లు హారన్ కొట్టి పోతుంటే పిడికిలి ఎత్తేవాణ్ణి. తర్వాత పనిహక్కు చట్టం అని పేరు పెట్టి చందా కట్టనివాడికి కూడా యూనియన్ సంపాదించిందంతా పంచమని అసెంబ్లీలో బిల్లు తెచ్చినప్పుడు, రాజధాని ఇండియానాపొలిస్‌కి బస్సులు కట్టుకుని వెళితే మైకు పట్టుకున్నది నేను. 'చందా కట్టకుండా విందుకు వచ్చేవాడు దొంగ, పికెట్ దాటినవాడు దొంగల్లో దొంగ' అని అరిచాను, గొంతు మూడు రోజులు లేదు. అరిచింది అబద్ధం కాదు. ఒక్కొక్క మాటా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను, అదే నా బాధ. నమ్మని మాట అరిచి ఉంటే ఉత్త బొంకరినై పోయేవాణ్ణి, హాయిగా ఉండేది. ఓట్ల సంగతి ఇంకొకటి. హాలులో ఎవరికి వెయ్యాలో చీటీ పంచుతారు, నేనే ఇంటింటికీ తిరిగి పంచాను, తీరా తెర వెనక నిలబడ్డాక మిల్లులు తిరిగి తెరిపిస్తానన్న ఇంకొకడికి వేశాను, వాడి హెల్మెట్‌కి చెమట మరక ఒక్కటి లేదు, ఫొటో కోసం పెట్టుకున్నదని తెలుస్తూనే ఉంది, అయినా వేశాను, వాడు కూడా నన్ను సార్ అన్నట్టు అనిపించింది కాబోలు. మిల్లులు తెరవలేదు. నా నోరొక పార్టీ, నా చెయ్యి ఇంకో పార్టీ, ఇలాంటివాళ్ళం హాలు నిండా ఉన్నామనీ, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా చేపలు తింటామనీ నాకు అనుమానం.

లైల్ ప్రుయెట్ సంగతి ఆలోచించకూడదనుకున్నాను. ఇందాకటి నుంచీ దాని చుట్టూనే తిరుగుతున్నాను. నా మూడో వారంలో లోపల లైల్‌ని చూశాను. కెంటకీ నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబం, ఎత్తు మనిషి, తల తగలకుండా పైపుల కింద వంగి వంగి నడిచేవాడు, దూరం నుంచే తెలిసిపోయింది. అతని భార్యకి కిడ్నీల జబ్బు, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించాలి, అది అందరికీ తెలుసు. అతను నన్ను చూశాడు. వెల్డింగు ముసుగు ఎత్తి, ఇద్దరం ఒక్క క్షణం చూసుకున్నాం, అతను మళ్ళీ ముసుగు దించి పని చేసుకున్నాడు. నాకు మాత్రం ఆ రోజునుంచీ నిద్ర లేదు. వాడు చెప్తాడు, వాడు చెప్పకముందే నేను చెప్పాలి, వాడి మాట చెల్లకుండా చెయ్యాలి, ఇదే ఆలోచన. నెల తిరిగాక హాలులో లేచి నిలబడి, వెనక గేటు దగ్గర కారాపి చూశానని చెప్పి, లైల్ ప్రుయెట్ ఎలుక అన్నాను. ఎలుక అన్న మాటకి హాలంతా ఊగిపోయింది. విచారణ రోజున లైల్‌ని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు, అన్నీ ఒప్పుకున్నాడు, భార్య పేరు ఎత్తనే లేదు. అధ్యక్షుడు 'లోపల మనవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా బ్రదర్?' అని అడిగాడు. నేను రెండో వరుసలో ఉన్నాను. లైల్ నావైపు తల తిప్పలేదు. 'నా ముసుగులోంచి నా మంట తప్ప నాకేమీ కనపడదు' అన్నాడు. అంతే. యూనియన్ నుంచి తీసెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు, ఎత్తాం. మూడో వరుసలో అతని కూతురు కూడా ఎత్తింది. అప్పటికి పని నేర్చుకుంటున్న రెండో ఏడాది, ఇరవై రెండేళ్ళ పిల్ల, చెయ్యి ఎత్తి కళ్ళు మూసుకుంది. బయటికి వచ్చాక ఏడుస్తుంటే నేను భుజం తట్టి 'యూనియనే నీ ఇల్లమ్మా' అన్నాను. నేనే అన్నాను ఆ మాట.

ఆ కూతురే డార్లా. నా దగ్గరే పని నేర్చుకుంది, ఇప్పుడు ఈ పని మీద యూనియన్ తరఫు మనిషి ఆమే, నాకన్నా గట్టిది, నాకన్నా శుభ్రమైనది. తల్లి పోయినప్పుడు శ్మశానంలో తండ్రికి ఎదురుగా నిలబడి ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేసింది. నది పక్క ఊళ్ళో అతను ఒంటరిగా గడ్డికోత యంత్రాలు బాగు చేసుకుంటున్నాడని ఎవరో చెబితే ఆమె 'ఎవరతను?' అంది. పన్నెండేళ్ళయింది. ఏడు నలభై. స్క్రూడ్రైవర్ నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఒక స్క్రూ ఊడింది. నా చేతులు చూస్తే నాకే అసహ్యం వేస్తోంది, దొంగతనం కప్పిపుచ్చడానికి ఇంకో దొంగతనం, ఇంకొకడి పని, వడ్రంగి పలక దగ్గర నిలబడ్డ నలభై నిమిషాలు, రెండో స్క్రూ, మూడోది తుప్పు పట్టి తిరగడం లేదు, మే నెలలో నాకు హాలులో విందు చేస్తారు, గడియారం ఇస్తారు, నాలుగోది, డార్లాయే మాట్లాడుతుందట, రాసుకుందట కూడా.

'ఏయ్! ఏయ్! ఆ రేకు మీద చెయ్యెవడిది?' కింద నుంచి కేక. ఇన్సులేషన్ సెసిల్, ఇవాళ ముందే వచ్చేశాడు, పీపాలాంటి మనిషి, నిచ్చెన ఎక్కుతూ ఆయాసపడుతున్నాడు. వెనకే డార్లా, పర్మిట్ కాగితం నోట కరుచుకుని.

'ఊరికే వదులు చేస్తున్నా' అన్నాను.

'ముప్పై ఏళ్ళు మాకు నీతులు చెప్పి ఇప్పుడు మా కూట్లో చెయ్యి పెడతావా ముసలోడా? నీ పైపు నేను అతికితే ఊరుకుంటావా? డార్లా, చూశావా మీ నలభై ఒకటి చేసే పని? రాసుకో, ఫిర్యాదు రాసుకో.'

'రిటైరయ్యే తొందరలే సెసిల్, వదిలెయ్' అని డార్లా నవ్వింది. 'మే దాకా కూడా ఆగలేకపోతున్నాడు.'

నా మొహం కాలిపోయింది. వాళ్ళు సరదాకే అంటున్నారు. సెసిల్ మిగతా స్క్రూలు తీసి, రేకు ఒలిచి, దూది కోసి సంచిలో కుక్కి, 'ఇదిగో తల్లీ నీ పైపు, బట్టలిప్పి ఇచ్చా' అని చెప్పి దిగిపోయాడు. పలక మీద ఇద్దరమే మిగిలాం. అతుకు బయటపడింది. పన్నెండేళ్ళ తేమకి పైపంతా ఎర్రటి తుప్పు పొర కట్టింది, నంబరు గుద్దిన చోట తుప్పు నిండిపోయి రెండు గుంటల్లా ఉంది, ఏదీ చదవడానికి లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నిజం చెబుతున్నాను, సంతోషపడ్డాను. ఇంకో గంటలో ఈ ముక్క కోసి పాత ఇనుము తొట్టిలో పడేస్తారు.

డార్లా వంగి చూస్తోంది. చేతొడుగు తీసి, వేలితో ఆ అతుకు చుట్టూ మెల్లగా రాసింది.

'ఎలుకల కాలంలోదే కదా ఇది' అంది. 'ఇంత వరసగా, ఒక్క చోట కూడా తడబడకుండా... అద్దం పెట్టుకుని వేసి ఉండాలి. నాకు తెలిసి ఇలా వెయ్యగలిగినవాడు లోపల ఒక్కడే ఉన్నాడు.' గొంతు మామూలుగానే ఉంది. 'మా నాన్న. చూడు, ఎంత బాగా వేశాడో. ఇంత చెయ్యి ఉన్న మనిషి.' వేలు వెనక్కి తీసుకుని, 'కొయ్యి వెండెల్, తొందరగా కోసి కిందకి పడెయ్యి. నాకు చూడాలని లేదు' అని మొహం అటు తిప్పుకుంది.

అంతా ఆమే చేసిపెట్టింది నాకు. మాట్లాడకుండా ఉంటే చాలు. పన్నెండేళ్ళూ చేసిందే. పైగా తండ్రి పనితనాన్ని ఇన్నేళ్ళకి ఒకసారి మెచ్చుకుంది, అది నాదని చెబితే ఆ కాస్త కూడా ఊడలాక్కున్నట్టే, కాబట్టి చెప్పకపోవడమే దయ అని నా బుర్ర వెంటనే సాకు వెతికి పెట్టింది, నా బుర్ర ఎప్పుడూ చురుకైనదే. నా నేరం అతని మీద వేసి ఒకసారి గెంటించాను. ఇప్పుడు నా అతుకు కూడా అతని మీద వెయ్యాలి. ఆ ఎత్తు మనిషి, నావైపు తల తిప్పకుండా, నా మంట తప్ప నాకేమీ కనపడదన్నాడు. గ్రైండర్ కోసం చెయ్యి చాచాను. దాని పక్కన తీగల బ్రష్ ఉంది. బ్రష్ తీసుకున్నాను.

తుప్పు మెత్తగానే రాలింది. నాలుగు ముందు వచ్చింది, ఒకటి తర్వాత. తోముతూనే ఉన్నాను, ఉక్కు మెరిసేదాకా, బ్రష్ చప్పుడుకి ఆమె ఇటు తిరిగేదాకా. ఆమె ఆ అంకెలు చూసింది. నా హెల్మెట్ చూసింది. మళ్ళీ అంకెలు చూసింది.

'మా నాన్న నిన్ను చూశాడా లోపల?'

'చూశాడు. నేను హాలులో లేచే ముందే చూశాడు.'

'ముందే.'

'అవును. అందుకే లేచాను.'

పలక మీద కూలబడింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందేమో అనుకున్నాను, పరంజా మీంచి తోసినా నేను ఏమీ అననని కూడా అనుకున్నాను. ఆమె తన కుడిచెయ్యి తెరిచి అరచేతి వంక చూసుకుంటోంది, ఆ రోజు ఎత్తిన చెయ్యి. సిగ్గు నా ఒక్కడిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ, కొంత ఈ పిల్లకి కూడా పంచిపెట్టాను, భుజం తట్టి మరీ.

'మంగళవారం హాలులో మీటింగ్ ఉంది' అన్నాను. 'అందరి ముందూ చెప్తాను. నన్ను తీసెయ్యనీ. నంబరు వెనక్కి ఇచ్చేస్తాను.'

'మంగళవారం దాకా ఎందుకు?' అంది. 'అరవడం నీకు బాగా వచ్చు. హాలుకి తర్వాత చెబుదువుగాని.'

జేబులోంచి ఫోన్ తీసింది. పేర్లలో వెతకలేదు. అంకెలు ఒక్కొక్కటే నొక్కింది, మరిచిపోలేదన్నమాట. నొక్కి, చెవి దగ్గర పెట్టుకోలేక నా చేతిలో పెట్టింది. కింద బాయిలర్ హోరు. నాలుగుసార్లు మోగింది. ఎత్తరనుకున్నాను, ఎత్తకపోతే బాగుండునని ఇంకా అనుకుంటూనే ఉన్నాను. ఎత్తారు. అవతల ఊపిరి, ఏదో చిన్న యంత్రం ఆగిన చప్పుడు, తర్వాత ఒక ముసలి గొంతు, అది అంత ముసలిదై ఉంటుందని నేను ఏనాడూ అనుకోలేదు.

'డార్లీ? నువ్వేనా తల్లీ?'

'కాదు లైల్' అన్నాను. 'నలభై ఒకటిని.'